నాలుగో నెల పాపకి ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ 1840 వచ్చింది, నార్మల్ 125 లోపు అని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి

నాగావళి_ఒడ్డు
మాది శ్రీకాకుళం. పాపకి నాలుగో నెల నడుస్తోంది. గుండె కింది గదుల మధ్య రంధ్రం ఉందని, దాన్ని వీఎస్‌డీ అంటారని పుట్టిన కొత్తలోనే చెప్పారు. ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్, ఇంకో సిరప్ వాడుతున్నాం. వైజాగ్‌లో చూసే పిల్లల గుండె డాక్టరు గారు వచ్చే వారం రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేయించి తెమ్మన్నారు, గుండె విడుదల చేసే హార్మోనుని బట్టి దాని మీద భారం ఎంతుందో చెప్పేదట. ఇక్కడే ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చాం. సాయంత్రం రిపోర్టు వచ్చింది. 1840 అని బోల్డ్ అక్షరాల్లో ఉంది, పక్కన హై అని, ఆ పక్కన నార్మల్ 125 లోపు అని ఉంది. కౌంటర్లో ఉన్నతను చూసి "ఇది హార్ట్ ఫెయిల్యూర్ అండి, వెంటనే తీసుకెళ్ళిపోండి" అన్నాడు. అప్పట్నుంచి మా అత్తగారు ఏడుస్తూనే ఉన్నారు. మా ఆయన డ్యూటీ మీద ఇచ్ఛాపురంలో ఉన్నారు.

పుట్టిన మూడో రోజు నర్సింగ్ హోమ్‌లో ఇదే పరీక్ష చేస్తే 5200 వచ్చింది. అంటే ఇప్పుడు తగ్గినట్టా? 125తో చూస్తే పద్నాలుగు పదిహేను రెట్లు ఎక్కువ కదా? ఈ రాత్రికే కారు మాట్లాడుకుని వైజాగ్ వెళ్ళాలా, అపాయింట్‌మెంట్ దాకా ఆగొచ్చా? పాలు తాగుతోంది కానీ మునుపటంత హుషారుగా తాగడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

రాజాం_బుజ్జి
5200 నుంచి 1840కి దిగిందంటే మంచి వార్తే కదా అక్కా. మందులు పనిచేస్తున్నట్టే. అత్తగారికి కూడా అదే చెప్పండి.

సిరిమాను_సెంటర్
ఈ పరీక్షలు రాసేదీ వాళ్ళే, భయపెట్టేదీ వాళ్ళే. మా అన్నయ్య కొడుక్కి ఇలాంటిదే రాశారు. రెండు వేలు దాటింది బిల్లు. చివరికి ఎకో, అదే గుండె స్కానింగ్, చూసే కదా ఏం చేయాలో చెప్పారు? రంధ్రం ఉందని తెలుసు, ఎంతుందో తెలుసు. ఇంక రక్తంలో హార్మోను చూసి ఏటి చేస్తారు?

గంటస్తంభం_ల్యాబ్
విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ముందు ఆ 125 సంగతి చెప్తాను. అది పెద్దవాళ్ళ హద్దు. మిషన్‌కి అనుసంధానంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఒకే హద్దు ఎక్కించి వదిలేస్తారు. రోగి వయసు నాలుగు నెలలైనా అరవై ఏళ్ళైనా కాగితం మీద అదే పడుతుంది. హై అన్న మాట కూడా దాన్ని బట్టి మిషన్ కొట్టేదే, ఎవరూ కూర్చుని ఆలోచించి రాసింది కాదు. కౌంటర్లో ఉన్న మనిషి ఆ మాట అనకూడదు. రిపోర్టు ఇవ్వడం వరకే మా పని, రోగం పేరు చెప్పే హక్కు మాకు లేదు.

పిల్లలకు వయసును బట్టి వేరే పట్టిక ఉంటుంది. డాక్టర్లెవరైనా ఉంటే చెప్తారు.

నాగావళి_ఒడ్డు
అంటే భయపడక్కర్లేదా?

గంటస్తంభం_ల్యాబ్
అలా అనలేదమ్మా. 125తో పోల్చొద్దు అంటున్నాను, అంతే. పాప పరిస్థితి డాక్టరే చెప్పాలి.

చిన్నపిల్లల_వార్డు
నేను పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను. పాపను చూడకుండా మందుల గురించి మాట్లాడను. ఈ అంకెను ఎలా చదవాలో మాత్రం చెప్తాను.

పుట్టిన మొదటి రెండు రోజుల్లో పూర్తి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ పది పన్నెండు వేల దాకా ఉండొచ్చు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు రక్తం పెద్దగా పోదు. పుట్టి గుక్కపట్టి ఏడ్చాక రక్తం నడిచే దారే మారిపోతుంది, ఆ బరువు ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. కిడ్నీలు కూడా ఇంకా పూర్తిగా ఎదిగి ఉండవు. అందుకే అంత ఎక్కువ. తర్వాత గబగబా దిగుతుంది. మూడో రోజు నుంచి పదకొండో రోజు దాకా పైహద్దు ఆరు వేల దగ్గర ఉంటుంది. నెల దాటిన దగ్గర్నుంచి ఏడాది లోపు సుమారు 650. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా 300 లోపు. బడి వయసులో 160 దగ్గర. ఆరోగ్యంగా ఉన్న పిల్లల కొలతలు కలిపి 2009లో వేసిన పట్టిక ఇది. మిషన్‌ను బట్టి కొంచెం తేడా ఉంటుంది. ఇవన్నీ మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో.

ఇప్పుడు రాజాం బుజ్జి గారి మాటకి వస్తాను. మూడో రోజు 5200 అంటే ఆ వయసుకి ఉండదగ్గదే. నాలుగో నెలలో 1840 అంటే ఆ వయసు పైహద్దుకి దాదాపు మూడు రెట్లు. కాగితం మీద అంకె దిగింది గానీ, పాప వయసుకి ఉండాల్సిన దానికన్నా పెరిగింది. దీన్ని మంచి వార్త అనుకుని ఆగిపోవద్దు.

వీఎస్‌డీలో ఇలా జరగడం మామూలే. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ ఉంటుంది కాబట్టి రంధ్రం గుండా రక్తం పెద్దగా అటు పోదు. నెల, రెండు నెలలకు ఆ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ఎడమ గది నుంచి కుడి గదికి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువగా పోయి, తిరిగి ఎడమ వైపుకే వచ్చి పడుతుంది. గది గోడ సాగుతుంది. అలా సాగిన గోడే ఈ హార్మోనును విడుదల చేస్తుంది.

నాగావళి గారూ, ఇవి చూసి చెప్పండి. పాప నిద్రలో ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. డొక్కలు లోపలికి లాక్కుంటున్నాయా? పెదాలు, నాలుక నీలంగా ఉన్నాయా? పాలు తాగేటప్పుడు నుదురు చెమట పడుతోందా? ఒకసారి తాగడానికి ఎంతసేపు పడుతోంది? ఉచ్చ మామూలుగా పోస్తోందా?

నాగావళి_ఒడ్డు
ఇప్పుడే లెక్కపెట్టాను. 46. డొక్కలు లాగడం లేదు. నీలం లేదు. లంగోటాలు ఎప్పటిలాగే తడుస్తున్నాయి. నుదురు, మెడ వెనక చెమట బాగా పడుతోంది, ఎండల వల్లేమో అనుకున్నాం. పాలకి అరగంట దాటుతోంది, మధ్యలో వదిలేసి రొప్పి మళ్ళీ పట్టుకుంటుంది. బరువు పోయిన నెలకీ ఈ నెలకీ పెద్ద తేడా లేదు.

చిన్నపిల్లల_వార్డు
నిద్రలో 46 అంటే ఈ రాత్రికి రాత్రి పరిగెత్తాల్సిన అవసరం కనిపించడం లేదు. రెండు నెలలు దాటిన పిల్లలకి ఏడాది దాకా నిమిషానికి 50 గానీ ఆపైన గానీ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు లెక్క. ఆ హద్దు దాటినా, డొక్కలు లాగినా, పాలు పూర్తిగా మానేసినా, నీలంగా మారినా, మత్తుగా పడుకున్నా అర్ధరాత్రి అని చూడకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళండి.

అలాగని వచ్చే వారం దాకా ఆగొద్దు. చెమట, పాలకి అరగంట, బరువు ఎక్కకపోవడం, ఈ అంకె, నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. రేపు పొద్దున్నే మీ డాక్టరు గారికి ఫోన్ చేసి ఈ నాలుగూ చెప్పండి. రిపోర్టు ఫొటో పంపండి.

పాలకొండ_అక్క
తల్లీ, మా బాబుకి కూడా ఇదే. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు, ఆపరేషన్ అయి బడికెళ్తున్నాడు. ముందు అది గుర్తుపెట్టుకో.

ఆ చెమట ఎండ వల్ల కాదు. మా వాడికి మాఘమాసం చలిలో కూడా పాలు తాగుతుంటే నుదుటి మీద ముత్యాల్లా పట్టేది. నాలుగు గుక్కలు లాగి రొమ్ము వదిలేసేవాడు, ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ రొప్పేవాడు, మళ్ళీ పట్టుకునేవాడు. కడుపు నిండకుండానే అలిసి నిద్రపోయేవాడు. పాలు చాలడం లేదని మా ఇంట్లో నన్నే అనేవారు. డాక్టరమ్మ చెప్పాక పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాను, ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా. లాగే శ్రమ తగ్గింది వాడికి. తల కొంచెం ఎత్తులో ఉండేలా ఒళ్ళో పడుకోబెట్టుకుని పట్టు. పాలల్లో ఏం కలపాలన్నా డాక్టరుని అడక్కుండా కలపొద్దు.

ఇంకో సంగతి. మా వాడికి ఒకచోట 310 వచ్చింది, పది రోజులకి ఇంకోచోట 2100 వచ్చింది. నేను కళ్ళు తిరిగి పడిపోయాను. తీరా చూస్తే మొదటిది బీఎన్‌పీ, రెండోది ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ. రెండూ వేరు వేరు పరీక్షలంట.

గంటస్తంభం_ల్యాబ్
అక్క చెప్పింది అందరూ రాసిపెట్టుకోవాలి. గుండె కణంలో ముందు 108 అమైనో ఆమ్లాల పొడవైన ప్రోటీన్ తయారవుతుంది. అది బయటికి వచ్చేటప్పుడు రెండు ముక్కలవుతుంది. 32 ఆమ్లాల ముక్క బీఎన్‌పీ, పనిచేసే హార్మోను అదే. 76 ఆమ్లాల ముక్క ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ, దానికి పనేమీ లేదు గానీ రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది. బీఎన్‌పీ ఇరవై నిమిషాల్లో సగమైపోతుంది, రెండోది సగమవడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. అందుకే రెండోదాని అంకె ఎప్పుడూ పెద్దగా ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకూడదు.

పరీక్షకి పరగడుపున ఉండక్కర్లేదు. సంటిపిల్లల్ని పస్తు పెట్టి తీసుకొస్తారు కొందరు, అస్సలు వద్దు. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, అదే పరీక్ష చేయించండి.

నాగావళి_ఒడ్డు
ఈ హార్మోను తగ్గించే మందు ఏమైనా ఉందా? అది ఎక్కువైతే గుండె ఇంకా పాడవుతుందా?

హిరమండలం_రైతు
నాకు వైద్యం తెలీదు గానీ మా అబ్బాయి విషయంలో డాక్టరు చెబితే నాకర్థమైంది ఇదీ. గొట్టా బ్యారేజీ దగ్గర నీటి మట్టం చూపే స్కేలు ఉంటుంది. స్కేలు వరద తేదు, ఎంతొచ్చిందో చెబుతుంది. స్కేలుని చెరిపేస్తే వంశధార తగ్గదు కదా.

చిన్నపిల్లల_వార్డు
బాగా చెప్పారు. దానికి ఒక్కటి కలుపుతాను. ఈ హార్మోను మట్టం చూపడంతో ఆగదు, గేట్లెత్తే పని కూడా చేస్తుంది. కిడ్నీల చేత ఉప్పునీ నీటినీ బయటికి పంపిస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండె తన మీద పడ్డ బరువు దించుకోవడానికి పంపే సాయం అది. దానికి ఎదురుగా రెనిన్, ఆల్డోస్టెరాన్ వంటి హార్మోన్లు ఉప్పు, నీరు పట్టి ఉంచుతాయి. లాసిక్స్ నీటిని దించుతుంది. ఎనలాప్రిల్, ఆల్డాక్టోన్ వంటివి ఈ రెండో జట్టుని అడ్డుకుంటాయి. కాబట్టి బీఎన్‌పీని తగ్గించే మందు వెతకొద్దు. భారం దిగితే అదే దిగుతుంది. రంధ్రం మూస్తే కొన్ని వారాల్లో, నెలల్లో మామూలు స్థాయికి వస్తుంది.

గుండె హార్మోన్లు విడుదల చేస్తుందన్న సంగతి కూడా పాతదేమీ కాదు. 1981లో కెనడాలో డీ బోల్డ్ అనే ఆయన ఎలుక గుండె పైగదుల నుంచి తీసిన రసాన్ని వేరే ఎలుకలకి ఎక్కిస్తే, అవి ఉప్పు, మూత్రం ధారాళంగా పోశాయి. బీఎన్‌పీని 1988లో జపాన్ శాస్త్రవేత్తలు మొదట పంది మెదడులో కనుక్కున్నారు. గుండె కింది గదులే దాన్ని ఎక్కువగా తయారుచేస్తాయని ఆ తర్వాత తెలిసింది.

కవిటి_కొబ్బరితోట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది ఉద్దానం. మా నాన్నగారికి కిడ్నీలు పోయి డయాలసిస్ నడుస్తోంది. ఆయనకి ఈ పరీక్ష ఎనిమిది వేలు దాటింది, గుండె మాత్రం పర్లేదన్నారు. అదెలా?

చిన్నపిల్లల_వార్డు
ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పేరుకుంటుంది. డయాలసిస్ వాళ్ళలో వేలల్లో ఉండటం మామూలే. వాళ్ళకి ఒక్క అంకె చూసి ఏమీ తేల్చలేం, వాళ్ళ పాత అంకెతోనే పోల్చాలి. పిల్లల్లో కూడా అంతే. కిడ్నీ జబ్బున్నా, రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గట్టి జ్వరాల్లోనూ ఇది పెరుగుతుంది. అందుకే పరీక్ష రోజు జ్వరం, విరేచనాలు ఉంటే డాక్టరుకి చెప్పండి.

కవిటి_కొబ్బరితోట
ధన్యవాదాలు. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. నాగావళి అక్కా, పాప బాగుంటుంది. ఆపరేషన్ అయ్యాక మా తోట నుంచి కొబ్బరిబొండాలు పంపిస్తాం.

రాజాం_బుజ్జి
బొండాలు పంపితే రాజాం మీదుగా పంపండి, రెండు నేను దించుకుంటాను.

సిరిమాను_సెంటర్
అందరూ నన్ను పక్కన పెట్టేశారు. నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఎకో ఉండగా ఇది ఎందుకు? చెమట పడుతోంది, బరువు ఎక్కడం లేదు, ఇది తల్లి కంటికి కనిపిస్తూనే ఉంది కదా? దానికి రెండు వేలు పోయాలా? కూలి పని చేసుకునేవాళ్ళకి రెండు వేలంటే వారం కూలి.

చిన్నపిల్లల_వార్డు
న్యాయమైన ప్రశ్నే. తప్పించుకోను.

ఎకో రంధ్రం ఎంత ఉందో, ఎటు పోతోందో, ఒత్తిడి ఎంతో చూపిస్తుంది. దానికి ప్రత్యామ్నాయం లేదు. హార్మోను పరీక్షతో రంధ్రం ఉందని చెప్పలేం, ఎక్కడుందో అసలే చెప్పలేం. అయితే పిల్లల ఎకో బాగా చేయగలిగినవాళ్ళు ప్రతి ఊళ్ళో లేరు. రొప్పుతూ, దగ్గుతూ వచ్చిన సంటిపిల్ల ఉంటుంది, నిమోనియానా, గుండె వల్లనా అని తేలదు. అంకె బాగా తక్కువ వస్తే గుండె వల్ల అయ్యే అవకాశం తగ్గుతుంది. చాలా ఎక్కువ వస్తే ఆ బిడ్డను ఆలస్యం చేయకుండా పంపిస్తాం. మందులు వేస్తూ నెలల తరబడి చూసే పిల్లల్లో భారం దిగుతోందా, ఎక్కుతోందా తెలుసుకోవడానికి కూడా పనికొస్తుంది.

ప్రతి విజిట్‌కీ రాయాలా అంటే అక్కర్లేదు. నెలనెలా బరువు, పాలు తాగే తీరు బాగుంటే ఇది లేకపోయినా నడుస్తుంది. "ఈ అంకె పెరిగినా తగ్గినా మా వైద్యంలో ఏం మారుతుంది సార్" అని డాక్టరుని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.

సిరిమాను_సెంటర్
చివరి మాట నచ్చింది. మిగతాదానికి సగం ఒప్పుకుంటాను. మా అన్నయ్య కొడుక్కి మూడుసార్లు చేశారు, మూడుసార్లూ ఏమీ మారలేదు. అది మాత్రం దండగే.

చీపురుపల్లి_నాన్న
మా గుంటడికి డౌన్ సిండ్రోమ్. ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుందని చెప్పారు, మా వాడికీ ఉంది. మందులన్నీ సరిగ్గానే వేస్తున్నా పాలు తాగడు, మలబద్ధకం, ఎప్పుడూ మగత. అన్నీ గుండె వల్లే అనుకున్నాం. డైక్ సెంటర్‌లో, అంటే పిల్లల లోపాలు ముందుగా గుర్తించే జిల్లా కేంద్రంలో, ఒక మేడమ్ టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించమన్నారు. బాగా ఎక్కువ వచ్చింది. థైరాయిడ్ బిళ్ళ మొదలెట్టాక కళ్ళు తెరిచి నవ్వుతున్నాడు. గుండె పిల్లలకి ఈ హార్మోను కూడా చూడాలని చెప్దామని రాస్తున్నా.

చిన్నపిల్లల_వార్డు
మీరు రాసి మంచి పని చేశారు. డౌన్ పిల్లలకి పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా థైరాయిడ్ చూడాలి.

మీ వాడి గుండె ఆపరేషన్ ఆలస్యం చేయకండి. ఈ పిల్లల్లో ఊపిరితిత్తుల రక్తనాళాలు తొందరగా గట్టిపడతాయి. అప్పుడు రంధ్రం గుండా పోయే రక్తం తగ్గి ఆయాసం తగ్గినట్టు, బిడ్డ కుదుటపడినట్టు కనిపిస్తుంది. బీఎన్‌పీ కూడా దిగొచ్చు. ఇంట్లోవాళ్ళు సంతోషపడి ఆగిపోతారు. తీరా వెళ్తే రంధ్రం మూసే వీలు లేదంటారు. ఆయాసం దానంతటదే తగ్గితే అప్పుడే తొందరగా చూపించాలి.

చీపురుపల్లి_నాన్న
ఈ సంగతి తెలీదు సార్. సోమవారమే వెళ్తాం.

టెక్కలి_మాస్టారు
మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయికి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం లీకవుతోంది. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకోవాలి. నొప్పికి భయపడి ఏడుస్తుంది. ఈ మధ్య వాళ్ళమ్మ ఈ ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ పరీక్ష చేయిస్తే 90 వచ్చిందట. "నార్మల్ వచ్చింది మాస్టారూ, ఇంక సూది మానేస్తాం" అంటోంది. నేనేం చెప్పాలి?

చిన్నపిల్లల_వార్డు
మానొద్దని గట్టిగా చెప్పండి మాస్టారూ. 90 అంటే ప్రస్తుతం గుండె మీద భారం పెద్దగా లేదని. సూది ఇచ్చేది ఆ భారం కోసం కాదు. గొంతు ఇన్‌ఫెక్షన్ మళ్ళీ వచ్చి, కీళ్ళ జ్వరం తిరగబెట్టి, కవాటం ఇంకా పాడవకుండా ఇస్తారు. ఇన్నాళ్ళూ వేసుకుంది కాబట్టే 90 దగ్గర ఉంది. ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి, చాలామందికి ఏళ్ళ తరబడి ఉంటుంది.

టెక్కలి_మాస్టారు
రేపు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడతాను. సూది రోజు అమ్మాయికి హోంవర్క్ ఇవ్వొద్దని మిగతా టీచర్లకి కూడా చెప్పాను.

పొందూరు_ఖద్దరు
మా అమ్మాయికి పదిహేనేళ్ళు, చిన్నప్పుడే గుండె ఆపరేషన్ అయింది. ఏటా చెకప్‌లో ఈ పరీక్ష ఉంటుంది. ఎప్పుడూ 250 చుట్టూ వచ్చేది, ఈసారి 40 వచ్చింది. డాక్టరు సంతోషించకపోగా ఏం బిళ్ళలు వాడుతున్నావని అమ్మాయిని అడిగారు. జుట్టు రాలుతోందని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు బయటపడ్డాయి. అవి ఆపించి మళ్ళీ చేస్తే 260. బయోటిన్‌కీ దీనికీ ఏమిటి సంబంధం?

గంటస్తంభం_ల్యాబ్
కొన్ని కిట్లలో పరీక్ష జరిగే పద్ధతే బయోటిన్ అతుక్కోవడం మీద ఆధారపడి ఉంటుంది. రక్తంలో బయోటిన్ మరీ ఎక్కువుంటే ఇలాంటి పరీక్షలో అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. కొత్త కిట్లలో చాలావరకు సరిచేశారు, అయినా బయోటిన్ వాడుతుంటే రక్తం ఇచ్చే ముందే చెప్పండి. థైరాయిడ్ పరీక్షలకీ ఇదే గొడవ. మీ డాక్టరుకి దండం పెట్టాలి.

సీతంపేట_ఆర్‌బీఎస్‌కే
ఏజెన్సీలో అంగన్‌వాడీలు, బడులు తిరిగే టీంలో పనిచేస్తున్నాను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా గుండె లోపాలు కూడా దాని కిందకే వస్తాయి. కొండ మీద ఊళ్ళలో మా చేతిలో ఎకో లేదు, హార్మోను పరీక్ష లేదు. స్టెతస్కోపు, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు, బరువు కాటా, అంతే. పాలు తాగుతూ చెమట పట్టే పిల్ల, మాటిమాటికి నిమోనియా వచ్చే పిల్ల, ఈ రెండు మాటలు ఆశా కార్యకర్తలకి నేర్పాం. దాంతోనే పిల్లలు దొరుకుతున్నారు.

నాగావళి గారూ, ఆపరేషన్ అంటే ఖర్చు గురించి కంగారు పడకండి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. రైస్ కార్డు, మీ ఇద్దరి ఆధార్, పాప జనన ధ్రువపత్రం, ఎకో రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి ఉంది, పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి ఉంది. ఎక్కడ చేయించాలన్నది మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

నాగావళి_ఒడ్డు
అందరికీ పేరుపేరునా దండాలు. పొద్దున ఫోన్ చేస్తే డాక్టరు గారు అదే రోజు రమ్మన్నారు. మా ఆయన ఇచ్ఛాపురం నుంచి నేరుగా వచ్చేశారు, వెళ్ళి వచ్చాం.

1840 చూసి ఆయన కంగారు పడలేదు. "అనుకున్నదే, బరువు ఎక్కకపోవడం నాకు ఎక్కువ బాధగా ఉంది" అన్నారు. ఎకోలో ఎడమ గది మునుపటి కన్నా పెద్దదైంది. లాసిక్స్ పెంచారు, ఇంకో మందు కలిపారు. పిండిన పాలకి ఏం కలపాలో, ఎంత కలపాలో చీటీ మీద రాసిచ్చారు. వారం వారం ఒకే కాటా మీద, బట్టల్లేకుండా బరువు చూసి పంపమన్నారు. రెండు వారాలయ్యాక ఇదే ల్యాబ్‌లో ఇదే పరీక్ష. అప్పటికీ బరువు ఎక్కకపోయినా, అంకె దిగకపోయినా ఆపరేషన్ ముందుకు జరుపుతారట. కుదురుకుంటే ఆరో నెల దగ్గర్లో.

సిరిమాను గారి ప్రశ్న నేనే అడిగేశాను, ఈ అంకె వల్ల ఏం మారుతుంది సార్ అని. ఆయన నవ్వి, "ఆపరేషన్ ఎప్పుడన్నది మారుతుందమ్మా" అన్నారు.

సిరిమాను_సెంటర్
ఆ జవాబు మా అన్నయ్యకి ఎవరైనా చెప్పుంటే నేను ఇంత గొడవ పెట్టుకునేవాణ్ణి కాదు. పాప జాగ్రత్త అమ్మా.

పాలకొండ_అక్క
లాసిక్స్ పెంచారు కాబట్టి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఫోన్ చెయ్యి, నువ్వే మందు ఆపెయ్యకు. టీకాలు కూడా మానకు, మా ఊళ్ళో గుండె పిల్లలకి టీకా వద్దని ఒకావిడ చెబితే నమ్మినవాళ్ళున్నారు. అత్తగారు పైడితల్లమ్మకి మొక్కుకుంటే మొక్కుకోనీ, ఆపరేషన్ తేదీకి మాత్రం అడ్డు రాకూడదు. మొక్కు తర్వాత కూడా తీర్చుకోవచ్చు.

నాగావళి_ఒడ్డు
అరసవల్లికి మొక్కుకున్నారు అక్కా. తేదీకి అడ్డు చెప్పనన్నారు. ఆపరేషన్ అయ్యాక ఈ అంకె వెంటనే నార్మల్ అవుతుందా?

చిన్నపిల్లల_వార్డు
వెంటనే కాదు. ఆపరేషన్ అయిన మొదటి రోజు ఇంకా పెరగొచ్చు, గుండెని ఆపి కుట్టిన శ్రమ అది. అప్పుడు రిపోర్టు చూసి బెదరొద్దు. ఆ రోజుల్లో థైరాయిడ్ హార్మోను టీ3 కూడా తగ్గుతుంది, చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. ఐసీయూలో డాక్టర్లు చూసేది ఊపిరి, బీపీ, ఉచ్చ. మీరు అంకెలు అడగకండి, ఉచ్చ బాగా పోస్తోందా అని అడగండి.

నాగావళి_ఒడ్డు
రక్తం ఇచ్చేవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని ముందే చూసుకోమన్నారు. పాపది బి పాజిటివ్. అదే గ్రూపు కావాలా?

గంటస్తంభం_ల్యాబ్
అక్కర్లేదు. ఏ గ్రూపువాళ్ళైనా ఇస్తే బ్లడ్ బ్యాంకు పాపకి కావలసింది ఇస్తుంది. కొన్ని ఆసుపత్రులు సంటిపిల్లలకి తాజా రక్తం అడుగుతాయి, అందుకని ఒకరిద్దరు బి పాజిటివ్ వాళ్ళు అందుబాటులో ఉంటే మంచిది.

రాజాం_బుజ్జి
నాది బి పాజిటివే అక్కా. తేదీ చెప్పండి, ముందు రోజు రాత్రికే బస్సెక్కేస్తాను.

కవిటి_కొబ్బరితోట
నేను ఓ పాజిటివ్. నాన్నగారి డయాలసిస్ రోజు కాకపోతే వస్తాను.

నాగావళి_ఒడ్డు
తేదీ రాగానే ఇక్కడే పెడతాను. సిరిమాను గారూ, మీ గ్రూపేంటి?

సిరిమాను_సెంటర్
ఏ నెగటివ్. విజయనగరం స్టేషన్లో బుజ్జిని దించుకుని ఇద్దరం కలిసి వస్తాం.